శైలానికి చెప్పని కబురు

ఒక కబురు నా దగ్గర చాలా ఏళ్లుగా ఉండిపోయింది. అది నాది కాదు. ఒకరు ఇంకొకరికి చెప్పమని నాకిచ్చారు. నేను చెప్పలేదు. మరిచిపోయాననుకునేరు, మరిచిపోలేదు. తెలిసి తెలిసి మింగేశాను. అప్పటినుంచి అన్నం తినేటప్పుడు, ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు, ఆఖరికి టీవీలో సీరియల్ చూసేటప్పుడు కూడా అది నన్ను సతాయిస్తూనే ఉంది. మోసి మోసి విసుగొచ్చింది. నా మీద నాకే విసుగొచ్చింది. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరుతో మీకు పని లేదు. ఆడదాన్నని, సూరారంలో ఉంటానని, ఒకప్పుడు ఒక బేస్‌బాల్ టీముకు మేనేజరుగా ఉన్నానని తెలిస్తే చాలు.

నవ్వొస్తే నవ్వండి. సూరారంలో బేస్‌బాల్ ఏమిటని అప్పట్లో అందరూ నవ్వారు. అందరికంటే ముందు నేనే నవ్వాను.

మా ఓనరు విల్సన్ సార్‌ది ప్లాస్టిక్ డ్రమ్ముల ఫ్యాక్టరీ. అందులో నేను స్టోర్స్ చూసేదాన్ని. ఆయన మా చర్చి పెద్దల్లో ఒకరు కూడా. ఫ్యాక్టరీలో సార్ అనాలి, చర్చిలో బ్రదర్ అనాలి, గ్రౌండులో ఏమనాలో నాకు చివరిదాకా తేలలేదు. మనసు మంచిదే. కానీ ఏదైనా మోజు పుట్టిందంటే చుట్టూ ఉన్నవాళ్లకు ఊపిరాడనివ్వడు. ఒక ఏడాది కుందేళ్లు పెంచాడు. ఇంకో ఏడాది చర్చిలో పాటలు పాడేవాళ్లందరికీ సూట్లు కుట్టించాడు, అదీ ఎండాకాలంలో. ఆ తర్వాత కప్పు కావాలన్నాడు. ఏ కప్పు అంటే ఏదో ఒక కప్పు. పక్క ఫ్యాక్టరీ ఓనరు గదిలో కబడ్డీ కప్పు ఉంది, ఈయన గదిలో లేదు. అదీ ఆయన బాధ.

"కబడ్డీ అందరు ఆడేదే సిస్టర్. అండ్ల మనమెప్పుడు గెలుస్తం? ఆడేటోళ్లే తక్కువున్న ఆట పట్టాలె. జల్దీ గెలుస్తం," అన్నాడు.

హాస్టల్లో చదువుకునే రోజుల్లో నేను సాఫ్ట్‌బాల్ ఆడాను. జిల్లా జట్టుకు కూడా ఆడాను. ఆ సంగతి ఏనాడో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు ఎవరితోనో అన్నాను. అది ఆయన చెవిన పడింది. సాఫ్ట్‌బాల్‌కు అన్నలాంటిదే బేస్‌బాల్, కాబట్టి నేను మేనేజర్ని. నన్ను ఒక్క మాట కూడా అడగకుండా ఆదివారం ఆరాధన అయ్యాక చప్పట్ల మధ్య ప్రకటించేశాడు. చర్చిలో నిలబడి కాదంటే ఎట్లా ఉంటుంది? ఊ అన్నాను. నా జీవితంలో సగం పనులు అలా ఊ అనే చేశాను.

ఆయన ముందుగా కొన్నది ఏమిటో చెప్పమంటారా? గ్లవ్స్ కాదు, బ్యాట్లు కాదు. టీషర్టులు. వీపు మీద తన ఫొటో. ఆటగాళ్లు ఒక్కరు లేరు, టీషర్టులు మాత్రం స్టోర్స్‌లో నా బల్ల నిండా. ఆట మొదలయ్యాక కూడా ఆయనకు అది ఒంటబట్టలేదు. టెంటు కింద కుర్చీలో కూర్చుని "ఎన్ని వికెట్లు పడ్డయి సిస్టర్?" అని అరిచేవాడు. వికెట్లు ఉండవు సార్ అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఆఖరికి "మూడు పడ్డాయి సార్" అని ఏదో ఒకటి చెప్పేదాన్ని.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. టీము కట్టిన విధానం నాది, అది బాగుంది. ఆటగాళ్ల కోసం కాలేజీల చుట్టూ తిరగలేదు. పనిలో చేతులు ఎట్లా ఆడుతున్నాయో చూశాను. కుత్బుల్లాపూర్‌లో అపార్ట్‌మెంట్లు కట్టేచోట కింద నుంచి ఒకడు ఇటుక విసిరితే, పైన ఒకడు మాట్లాడుతూనే అందుకుంటాడు. వాణ్ణి తెచ్చి బంతి పట్టేచోట కూర్చోబెట్టాను. వెల్డింగ్ షాపులో సమ్మెట కొట్టేవాడికి బ్యాటు ఇచ్చాను. లాల్‌గడి మలక్‌పేట్ పొలాల్లో గొర్ల వెంట ఉరికేవాడు మాకు పరుగులు తెచ్చిపెట్టాడు. విల్సన్ సార్ వీళ్లను చూసి మొహం చిట్లించాడు. "గీళ్లతోని కప్పొస్తదా?" అన్నాడు. వచ్చేటట్టు చేస్తాను, మీరు మాత్రం టెంటు దాటి రాకండి అన్నాను. ఆ మాటకు ఆయనకంటే నేనే ఎక్కువ అదిరిపోయాను.

ఒక్క లోటు మిగిలింది. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చరు అంటారు. క్రికెట్‌లోలాగా ఉరుక్కుంటూ రాడు. నిలబడ్డచోటే నిలబడి, నడుము, భుజం తిప్పి విసురుతాడు. వాడు గట్టివాడైతే సగం ఆట అక్కడే గెలిచినట్టు. అలాంటివాడు ఎక్కడా దొరకలేదు.

శ్రీశైలం అనే కుర్రాడు దొరికింది శామీర్‌పేట చెరువు దగ్గర. చర్చివాళ్లమంతా అక్కడికి భోజనాలు కట్టుకుని వెళ్లాం. ఒడ్డున ఒకతను వల విసురుతున్నాడు. మరో వల కొంచెం దూరంలో నీళ్లలో కట్టి ఉంది, దాని గుంజ మీద ఒక నీటికాకి వచ్చి వాలింది. అతను వంగి ఒక గులకరాయి తీసి విసిరాడు. రాయి గుంజకు తగిలింది, పిట్ట లేచిపోయింది. నేను పరుగెత్తుకెళ్లి, పిట్ట మళ్లీ వాలితే ఇంకోసారి విసరవా అని అడిగాను.

"కొట్టాల్నా అక్కా, బెదిరియ్యాల్నా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా టీము పూర్తయింది. అందరూ శైలం అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అన్నాడు. మేడం అనమని విల్సన్ సార్ రెండుసార్లు గద్దించినా వినలేదు.

అతని ఇంటి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. చెరువులో సొంతంగా వల వేయాలంటే మత్స్యకారుల సంఘంలో సభ్యుడై ఉండాలి. తండ్రి పోయాక ఆయన సభ్యత్వం పెద్దకొడుకు ఎల్లేష్‌కు వచ్చింది. శైలం అన్న వలలతో, అన్నకు సహాయంగా పోయేవాడు, అంతే. కొత్తవాళ్లను చేర్చుకోవాలంటే అధికారులు చెరువు దగ్గరికి వచ్చి పరీక్ష పెడతారు. వాళ్ల కళ్ల ముందు ఈదాలి, వల విసిరి చూపించాలి. ఆ పరీక్ష ఎప్పుడో గానీ రాదు. వచ్చినా ఒక్కరోజు ముందే కబురొస్తుంది. తమ్ముడి పేరు ఎక్కించడానికి ఎల్లేష్ సంఘం పెద్దల ఇళ్ల చుట్టూ ఎంత తిరిగాడో నాకు శైలమే చెప్పాడు. "మా అన్న చెప్పులరిగినయి అక్కా," అని నవ్వాడు.

ఇక ఫోన్ల గొడవ. మా వాళ్లు ఆట మధ్యలో ఫోన్లు చూసేవారు. ఒకడు పెళ్లాంతో పోట్లాడుతూ మీదికొచ్చిన బంతిని వదిలేశాడు. నాకు ఒళ్లు మండి ఒక పద్ధతి పెట్టాను. ఊరు దాటి ఆడటానికి వెళ్తే ఫోన్లన్నీ బంద్ చేసి నా సంచిలో వేయాలి. ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. ఇంటింటికీ నేనే వెళ్లి నా నంబరిచ్చాను. ఏదైనా అర్జెంటు ఉంటే నాకు చేయండి, ఆ నిమిషమే చెబుతాను, పూచీ నాది అన్నాను. ఎల్లేష్ ఇంట్లో అయితే వాళ్లమ్మ చేయి పట్టుకుని మరీ చెప్పాను.

ఆ ఏడు మేము అనుకోకుండా ఒక పోటీలో ఫైనల్‌కు చేరాం. పక్క జిల్లా. ఒక బడిలో దిగాం. సెమీఫైనల్ గెలిచిన మధ్యాహ్నం కుర్రాళ్లు బోరు కింద స్నానాలు చేస్తున్నారు. నా ఫోను మోగింది. ఎల్లేష్.

"మేడం, మా శైలం ఫోన్ బందున్నది. రేపు పొద్దుగాల సార్లొస్తున్నరు చెరువు కాడికి. వానిది పేరొచ్చింది. వలేసి సూపియ్యాలె. ఎట్లన్న జేసి ఇయ్యాల బస్సెక్కియ్యుండ్రి."

"సరే అన్నా. చెప్తా," అన్నాను.

చెప్పాలనే అన్నాను. అది మాత్రం నమ్మండి. శైలం అప్పుడు నాకు ఇరవై అడుగుల దూరంలో తల తుడుచుకుంటున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. స్నానం కానివ్వు అనుకున్నాను. తర్వాత అన్నం తిననివ్వు అనుకున్నాను. ఈలోగా విల్సన్ సార్ వచ్చాడు. రేపు కప్పుతో ఫొటోకు ఏ చొక్కా బాగుంటుందని నన్నే అడిగాడు, రెండు చొక్కాలు పట్టుకుని. నీలంది వేసుకోండి అన్నాను. ఆయన వెళ్లాక ఆలోచించాను. శైలం పోతే బంతి విసిరేవాడు ఇంకొకడు లేడు. ఇంతమందిని గోడల మీద నుంచి, గొర్ల వెనక నుంచి, వెల్డింగ్ షాపు నుంచి ఏరుకొచ్చి, ఎండలో నిలబెట్టి, తిట్టి, బతిమాలి ఇక్కడిదాకా తెచ్చినదాన్ని నేను, ఆడటం రాని మనిషి టీషర్టుల కింద నా పనంతా దాగిపోతుంటే ఒక్కరోజైనా నా పేరు వినబడాలని అనుకోవడం తప్పా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. తప్పు కాదని నేనే చెప్పుకున్నాను. ఆ పక్కన వాడి బతుకు ఉందే, దాని సంగతి ఏమిటని మాత్రం అడగలేదు. ఎందుకడగలేదు? అడిగితే జవాబు తెలుసు కాబట్టి. అలా కూర్చుని ఉండగానే బడి ముందు నుంచి చివరి బస్సు వెళ్లిపోయింది. బస్సు పోయింది కదా, ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఆ బస్సు పోవాలనే కూర్చున్నానని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పొద్దున మళ్లీ ఎల్లేష్ చేశాడు. బయల్దేరాడా అన్నాడు. గొంతులో హడావుడి, వెనక జనం మాటలు. నేను చెప్పింది మీకు ఉన్నదున్నట్టు చెబుతాను. "చెప్పిన అన్నా. మ్యాచ్ ఉంది, రాను అన్నడు," అన్నాను.  "సరే మేడం" అని పెట్టేశాడు.

ఫైనల్ గెలిచాం. శైలం ఆ రోజు విసిరినట్టు మళ్లీ ఎవరూ విసరగా నేను చూడలేదు. అందరూ నన్ను కూడా ఎత్తుకున్నారు. విల్సన్ సార్ నీలం చొక్కాలో కప్పు పట్టుకుని "సిక్సులు మస్తు గొట్టిండ్రు" అన్నాడు.

ఇంటికొచ్చిన రెండు మూడు రోజులకు శైలం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మొహం వాడిపోయి ఉంది.

"అక్కా, ఒక్క మాట అడుగుతా. మా అన్న నీకు ఫోన్ జేసిండా?"

"ఎందుకు?"

"చెరువు కాడ పరీక్ష అయిపోయింది. నేను రానన్ననని నాతోని లొల్లి వెట్టుకున్నడు. నాకెవరు చెప్పిండ్రని అడిగితే, మీ మేడంకు జేసిన అంటడు. నాకు తెల్వకుండ వాళ్ల బామ్మర్దిని నిలవెట్టిండు. వానికొచ్చింది సభ్యత్వం."

ఎల్లేష్ బావమరిది పేరు పరీక్ష జాబితాలో ముందునుంచీ వేరుగా ఉంది, శైలం పేరుతో దానికి సంబంధం లేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. ఇప్పుడు నిజం చెబితే ఇతను టీషర్టు విసిరికొట్టి పోతాడు. ఇతని వెనక మిగతావాళ్లు పోతారు.

"నాకెవరు చేయలేదు శైలం," అన్నాను.

"నాకు ఎర్కే అక్కా. నువ్వు చర్చికి పోయేదానివి, అబద్ధమెందుకు చెప్తవు? ఊకె అడిగిన. ఏమనుకోకు."

నన్ను అడిగినందుకు నాకే సారీ చెప్పి వెళ్లాడు. మా మధ్య నడిచిన మాటలు ఇవే. వీటిని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో లెక్క లేదు. ఎక్కడో ఒకచోట నేను ఆగి ఉండవలసింది, ఎక్కడా ఆగలేదు.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నాడు విల్సన్ సార్. లేచి నిలబడ్డాను. సరైన సమయానికి సరైన మనిషిని దేవుడు మా దగ్గర నిలబెట్టాడని చెప్పాను. నిలబెట్టింది దేవుడా, నేనా? అందరూ హల్లెలూయా అన్నారు. 

ఇంత చేసి కాపాడిన ఆ టీము ఏమైందనుకున్నారు? కప్పు ఓనరు గదిలోకి చేరింది, ఆయన మోజు తీరింది. వానాకాలం దాటకముందే బేస్‌బాల్ బోరు కొడుతోందన్నాడు. మేము ఆడుకునే తన గ్రౌండుకు వలలు కట్టించి, రాత్రిళ్లు క్రికెట్ ఆడేవాళ్లకు గంటల లెక్కన ఇచ్చేశాడు. ఇటుకలవాడు ఇటుకలకు పోయాడు, గొర్లవాడు గొర్లకు పోయాడు. దీనికోసమా నేను ఇద్దరన్నదమ్ములను విడదీసింది? ఆయన మీద మండిపడతాను, మరుక్షణం ఆగుతాను. ఆయనకు ఏ పాపమూ తెలియదు. ఆట పేరే సరిగా తెలియని మనిషి. ఫోను వచ్చింది నాకు.

శైలానికి చెరువు పోయింది. మళ్లీ పరీక్ష వచ్చేసరికి సంఘంలో ఎల్లేష్ అతని పేరు ఎత్తలేదు, అతను వెళ్లి అడగలేదు. మేడ్చల్ వైపు గోదాముల్లో కొన్నాళ్లు, లేఅవుట్లలో వాచ్‌మన్‌గా కొన్నాళ్లు చేశాడు. చేపల కూర తినాలంటే కొనుక్కుంటున్నా అక్కా అని ఒకసారి నవ్వాడు. అన్నదమ్ములు ఒకే గల్లీలో ఎదురెదురుగా ఉంటూ మాటలు మానేశారు, తల్లి శైలం దగ్గరే ఉండిపోయింది. అన్న కూతురి పెళ్లికి బాబాయి వెళ్లలేదు. ఇద్దరూ మొండిఘటాలే. ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చుని ఏ రోజు ఏమైందో మొదటినుంచి మాట్లాడుకుంటే నా బండారం బయటపడేది. మాట్లాడుకోరేమిటని విసుక్కునేదాన్ని. మాట్లాడుకుంటారేమోనని భయపడేదాన్ని. రెండూ నేనే.

ఈమధ్య వాళ్లమ్మ పోయింది. దినాలకు రమ్మని శైలం పిలిచాడు. వెళ్లాను. గల్లీకి ఇటో టెంటు, అటో టెంటు. ఒకే తల్లికి ఇద్దరు కొడుకులు వేరువేరుగా భోజనాలు పెడుతున్నారు. చుట్టాలు ఎటు కూర్చోవాలో తెలియక రోడ్డు మీద నిలబడ్డారు. ఎల్లేష్ నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. నేను శైలం వైపు కూర్చున్నాను.

మా చర్చివాళ్లం కర్మల్లో పిట్టకు, అంటే కాకికి, పెట్టాక మిగిలిన అన్నం తినం. ఏదో వంక చెప్పి లేద్దామనుకుంటున్నాను. శైలం మూతపెట్టిన గిన్నె ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"పిట్టకు పెట్టకముందే నీకు పక్కకు తీసిన అక్కా. ఫికర్ లేకుండ తిను."

తల్లి పోయిన మనిషి. ఇంటినిండా జనం. ఇన్నిటిలోనూ నా నియమం ఒకటి గుర్తుపెట్టుకున్నాడు. అన్నం వడ్డించి, అటు టెంటు వైపు చూసి, ఆ రోజు అన్న ఒక్క ఫోన్ చేసుంటే ఇట్లా కాకపోవు కదా అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. ప్రతిసారీ నేను తలూపేదాన్ని. ఈసారి మెడ కదల్లేదు.

"చేసిండు, శైలం. నాకే చేసిండు. నేనే నీకు చెప్పలే. నువ్వు రానన్నవని మీ అన్నకు చెప్పింది కూడ నేనే."

గరిటె అతని చేతిలోనే ఉంది. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. అతను నన్ను కాదు, గోడకు పెట్టిన తల్లి ఫొటోను చూశాడు.

"సచ్చేదాక అన్నను ఇంట్లకు రానియ్యలే అక్కా, మా అమ్మ. చిన్నోని బతుకు ఆగం జేసిండని తిట్టుకుంటనే పోయింది," అన్నాడు.

గరిటె గిన్నెలో పెట్టి బయటికి వెళ్లాడు. గల్లీ మధ్యలో, రెండు టెంట్ల నడుమ నిలబడ్డాడు. అటు పోయాడో, ఇటు వచ్చాడో నేను చూడలేదు. చెప్పులేసుకుని వెనక సందులోంచి వచ్చేశాను. వాళ్ల మధ్య నేనెందుకని వచ్చేశానని మీకు చెప్పొచ్చు. అది నిజం కాదు. భయమేసింది.

శైలం మళ్లీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. క్షమించమని నేను అడగలేదు, అతను క్షమిస్తాననీ అనలేదు. ఎవరి క్షమాపణా ఆ తల్లి దాకా పోదు. ఇది తెలిసిన తర్వాత ఒక మనిషికి ఎలా ఉండాలి? గుండె పగలాలి కదా? నాకు అలా కాలేదు. ఇది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. ఆ రోజు శామీర్‌పేటలో బస్సెక్కి కూర్చోగానే నిద్ర పట్టేసింది. ఎన్నో ఏళ్లుగా పట్టనంత నిద్ర. దిగాల్సిన చోటు దాటిపోతుంటే కండక్టర్ భుజం తట్టి లేపాడు.